మీకు తెలుసా? గడప దాటితే జీతం, లోపలుంటే ఖాళీ

కువైట్‌లో పన్నెండు గంటలు

మన కోనసీమలో మలికిపురం, రాజోలు, సఖినేటిపల్లి, మామిడికుదురు మండలాల్లో ఏ ఊరి వీధిలో నిలబడి అడిగినా గల్ఫ్‌లో మనిషి ఉన్న ఇల్లు నాలుగడుగుల్లో దొరుకుతుంది. వెళ్ళినవాళ్ళలో ఆడవాళ్ళేం తక్కువ కాదు. అక్కడ వాళ్ళు చేసేది కొత్త విద్య కూడా కాదు. వంట, అంట్లు, బట్టలు, తుడుపు, పిల్లల్ని బడికి తయారు చేయడం, మంచాన పడ్డ ముసలామెకు స్నానం చేయించడం. పెళ్ళయిన నాటి నుంచి ఇక్కడ చేస్తూ వచ్చిన పనే. ఇక్కడున్నన్నాళ్ళూ ఆ ఇంటాయన్ని కదిపితే "మా ఆవిడేం చెయ్యదండి, ఇంట్లోనే ఉంటదండి" అంటాడు. ఆమె విమానం ఎక్కిన మర్నాటి నుంచి "మా ఆవిడ కువైట్‌లో పనిచేత్తందండి" అంటాడు. మనిషీ అదే, పనీ అదే.

మీకు తెలుసా? ఆ పనికి కువైట్‌లో ఒక చట్టమే ఉంది. 2015లో చేసిన 68వ నంబరు చట్టం ప్రకారం ఇంటి పనిమనిషి చేత రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు. మధ్యలో విశ్రాంతి ఇవ్వాలి. వారానికొక రోజు సెలవు. ఏడాదికి 30 రోజులు జీతంతో కూడిన సెలవు. మానేసి వచ్చేటప్పుడు పనిచేసిన ప్రతి ఏడాదికీ ఒక నెల జీతం చొప్పున లెక్కగట్టి చేతిలో పెట్టాలి. మరుసటి ఏడాది, 2016లో, కనీస జీతం నెలకు 60 దీనార్లని ఖరారు చేశారు. గల్ఫ్ దేశాల్లో ఇంటి పనికి కనీస జీతం కట్టిన మొదటి దేశం అదే.

చట్టం కాగితం మీద ఉన్నంత చక్కగా ఆ ఇళ్ళలో ఉండదు. పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉండిపోవడం, జీతం నెలల తరబడి ఆగిపోవడం, ఇంటికి ఫోను చేసుకోనివ్వకపోవడం, ఇవన్నీ మన ఇళ్ళకు తెలిసిన కథలే. కష్టాల్లో పడ్డ మన ఆడవాళ్ళ కోసం అక్కడి భారత రాయబార కార్యాలయం ఆశ్రయ గృహం నడపాల్సి వచ్చింది. అందుకే ఇక్కడ కూడా నిబంధనలు గట్టిగానే పెట్టారు. వలస అనుమతి తప్పనిసరైన ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న ఆడవాళ్ళకు 30 ఏళ్ళు నిండితే తప్ప ఇంటి పనికి వెళ్ళే అనుమతి లేదు. 2016 నుంచి ప్రభుత్వ ఏజెన్సీల ద్వారానే వెళ్ళాలన్నారు, మన రాష్ట్రానికి అది ఓంక్యాప్. 2021 జూన్‌లో ఇంటి పనివాళ్ళ విషయమై భారత్, కువైట్ ఒప్పందం మీద సంతకాలు కూడా చేశాయి.

రెండు దేశాలు బల్లకు అటూ ఇటూ కూర్చుని మాట్లాడుకున్నది చమురు గురించి కాదు, వంట గురించి, అంట్ల గురించి. మలికిపురంలో అదే పనికి వారం సెలవు ఏ రోజో ఎవరినైనా అడిగి చూడండి. ఆదివారం అనుకుంటున్నారా? ఆదివారం కోడికూర వండే రోజు. పని పెరిగేది ఆ రోజే.

మరి ఇక్కడి పొయ్యి ఎవరు వెలిగిస్తారు?

తల్లి కువైట్‌లో ఒకరి పిల్లల్ని పెంచుతుంటే ఆమె పిల్లల్ని ఇక్కడ అమ్మమ్మో నాయనమ్మో పెంచుతుంది. లేదంటే పదో తరగతి చదివే పెద్దపిల్ల చెల్లెలికి జడ వేసి, అన్నం కేరేజీ సర్ది, తను ఆలస్యంగా బడికి పోతుంది. కొన్ని ఇళ్ళలో తండ్రులు గరిటె పట్టుకున్నారు. వాళ్ళ గురించి వీధిలో గొప్పగా చెప్పుకుంటారు కూడా. అదే పనిని ముప్పై ఏళ్ళుగా చేస్తున్న ఆడమనిషి గురించి ఎవరూ చెప్పుకోరు.

సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ 2000లో దీన్ని ప్రపంచమంతా పరుచుకున్న సంరక్షణ గొలుసుగా వర్ణించారు. ధనిక దేశంలోని ఇల్లాలి పనిని పేద దేశపు తల్లి అందుకుంటుంది. ఆ తల్లి పనిని ఆమె ఇంట్లో ఇంకొకరు అందుకుంటారు. గొలుసు కిందికి దిగేకొద్దీ జీతం తగ్గుతూ వస్తుంది, చివరి కొసన ఉన్నవాళ్ళకు ఏమీ ఉండదు. కువైట్ నుంచి వచ్చిన డబ్బులో బాకీకి, ఫీజులకు, కొత్తింటి శ్లాబుకు వాటా రాసి ఉంటుంది. మన ఊళ్ళో ఆ గొలుసు చివర ఉన్న అమ్మమ్మకు బీపీ బిళ్ళలు.

మీకు తెలుసా? 220 డ్యూటీలు

మనవాళ్ళు రోజును ఎలా గడుపుతారో కేంద్ర గణాంక శాఖ ఇంటింటికీ వెళ్ళి అడిగింది. 2019లో ఒకసారి, 2024లో ఇంకోసారి. జీతం లేని ఇంటి పనికి ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతున్నారని 2019లో తేలింది. మగవాళ్ళవి 97. ఐదేళ్ళ తర్వాత 2024లో ఆడవాళ్ళవి 289కి దిగాయి. పది నిమిషాలు మగవాళ్ళు అందుకున్నారేమో అనుకునేరు. వాళ్ళవి కూడా 88కి దిగాయి.

ఇవి ఆ పని చేసేవాళ్ళ సగటులు మాత్రమే. అసలు చేయనివాళ్ళు ఈ లెక్కలో లేరు. 2019లో ఇంటి పనిలో చెయ్యి పెట్టినవాళ్ళు ఆడవాళ్ళలో నూటికి 81 మంది, మగవాళ్ళలో 26 మంది. పిల్లల్నీ ముసలివాళ్ళనీ చూసుకోవడం వేరే పద్దు. దానికి 2024లో ఆడవాళ్ళు పెట్టింది 137 నిమిషాలు, మగవాళ్ళు 75.

289 నిమిషాల్ని ఏడాదికి గుణించి ఎనిమిది గంటల డ్యూటీలుగా విడగొడితే సుమారు 220 డ్యూటీలు వస్తాయి. ఇది వంట, తుడుపు, ఉతుకుడు వరకే. రాత్రి జ్వరం వచ్చిన పిల్లాడి పక్కన కూర్చున్నది ఇందులో లేదు.

పంటు దిగితే నరసాపురం

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే వశిష్ఠ గోదావరి అవతల నరసాపురం. మలికిపురం నుంచి కాస్త దూరమే. ఇంటి ఆడవాళ్ళ పని గురించి ప్రపంచమంతా చదివిన పుస్తకాల్లో ఒకటి ఆ ఒడ్డునే పుట్టిందని మీకు తెలుసా?

పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు గోదావరి జిల్లాల్లోని ఆడవాళ్ళకు కొక్కెం సూదితో లేసు అల్లడం నేర్పారు. నేర్చుకున్నవాళ్ళు కూతుళ్ళకు నేర్పారు, కూతుళ్ళు కోడళ్ళకు నేర్పారు. 1970ల నాటికి నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల వేల ఇళ్ళలో వసారాల్లో, చెట్ల నీడల్లో ఆడవాళ్ళ వేళ్ళు ఆడుతూనే ఉండేవి. అప్పుడు మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త వచ్చి ఆ ఇళ్ళలో కూర్చున్నారు. ఆమె రాసిన 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' 1982లో లండన్‌లో అచ్చయింది.

ఆమె చూసింది ఇదీ. ఎగుమతిదారు దారం ఇస్తాడు. ఏజెంటు ఇంటింటికీ పంచుతాడు. ఒక ఇంట్లో చేతిపని, అంటే పువ్వులూ ముక్కలూ అల్లడం. ఇంకో ఇంట్లో అతుకుపని, అంటే ఆ ముక్కల్ని కలిపి బల్లగుడ్డగానో దుప్పటిగానో చేయడం. ఏజెంటు వచ్చి తీసుకుపోతాడు. సరుకు ఐరోపాకు, ఆస్ట్రేలియాకు, అమెరికాకు వెళుతుంది. వంటా వార్పూ కాక రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లే మనిషికి దక్కేది ఆనాటి కనీస కూలిలో చిన్న ముక్క. ఏమిటిలా అని అడిగితే వ్యాపారుల దగ్గర సమాధానం సిద్ధంగా ఉండేది. వాళ్ళు కార్మికులు కారండి, ఇంటి ఆడవాళ్ళు, తీరిక వేళల్లో కాలక్షేపానికి అల్లుకుంటారు.

మీస్ వేలు పెట్టింది సరిగ్గా ఈ సమాధానం మీదే. "ఇంట్లో ఉండే మనిషి" అన్న పేరే ఆ వ్యాపారానికి పెట్టుబడి అని ఆమె వాదన. ఇల్లాలు కాబట్టి తక్కువ ఇవ్వచ్చు, సంఘం పెట్టదు, బోనసు అడగదు, పని లేనప్పుడు పొమ్మనక్కర్లేదు, దారం ఇవ్వకపోతే చాలు. ఇంటి పనిని పని కాదనే లోకం, ఇంట్లో కూర్చుని డాలర్లు తెచ్చే పనిని కూడా పని కాదనేసింది. జనాభా లెక్కల వాళ్ళు వచ్చినప్పుడు ఈ ఆడవాళ్ళలో చాలామంది కార్మికుల పట్టీలోకి ఎక్కనే లేదు. అడిగింది ఇంటాయన్ని కదా, "ఇంట్లోనే ఉంటదండి" అని ఉంటాడు.

నలభై ఏళ్ళు గడిచాయి. సీతారామపురంలో లేసు పార్కు వచ్చింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు (జీఐ) దక్కింది. ఆ గుర్తింపు పరిధిలో పశ్చిమ గోదావరితో పాటు మన కోనసీమ జిల్లా కూడా ఉంది. చైనా మిషను లేసు వచ్చి చేతి లేసును కొట్టేస్తోంది, కొత్తగా సూది పట్టే అమ్మాయిలు తగ్గిపోతున్నారు. సరుకుకు గుర్తింపు వచ్చిందన్న వార్త పేపర్లో చదివి, అల్లే చేతికి ఎంత పెరిగిందని ఎవరు అడిగారో వెతికితే ఆ కాలమ్ నాకు కనబడలేదు.

పొయ్యి అదే, పొగ అదే

ఆత్రేయపురం పూతరేకుకు 2023లో జీఐ గుర్తింపు వచ్చింది. బోర్లించిన కుండ కింద మంట, పలచటి బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డ, కుండ మీద ఒక్క విసురు, క్షణంలో రేకు లేస్తుంది. కుండ ముందు కూర్చునేది దాదాపు అంతటా ఆడవాళ్ళే. వేడి ముఖాన కొడుతుంది, నడుము పట్టేస్తుంది. రేకుల లెక్కన కూలి. ఒకప్పుడు పండక్కి ఇంట్లో చేసుకున్నది ఇప్పుడు డబ్బాల్లో హైదరాబాద్, అమెరికా పోతోంది.

పనసపొట్టుదీ అదే వరస. లేత పనసకాయను కత్తితో సన్నగా కొట్టడం ఎంత శ్రమో కొట్టినవాళ్ళకు తెలుసు. జిగురు చేతికి పట్టకుండా నూనె రాసుకోవాలి, మణికట్టు నొప్పి రెండు రోజులు వదలదు. బజారులో కొట్టిన పొట్టుకు కొట్టుడు కూలి కలిపే ధర చెబుతారు, ఎవరూ బేరమాడరు. అంబాజీపేట పొట్టిక్క కూడా అంతే. నాలుగు పనసాకులు ఈనెపుల్లలతో గుచ్చి బుట్ట కుట్టడం హోటల్‌లో అయితే ఒక మనిషికి పని. ఇంట్లో కుట్టినప్పుడు తిన్నవాళ్ళు పచ్చడి గురించి మాట్లాడతారు.

వంటమనిషిని పెళ్ళాడితే

బ్రిటిష్ ఆర్థికవేత్త ఆర్థర్ పిగూ నూరేళ్ళ కిందటే ఈ తిరకాసు పట్టుకున్నాడు. తన ఇంట్లో జీతానికి పనిచేసే ఆమెను యజమాని పెళ్ళి చేసుకుంటే దేశ ఆదాయం తగ్గుతుంది. వంటా ఆగలేదు, తుడుపూ ఆగలేదు, ఆగింది జీతమొక్కటే.

ఐక్యరాజ్యసమితి జాతీయ ఖాతాల పద్ధతి ఇప్పటికీ ఇలాంటి గీత ఒకటి గీసుకునే నడుస్తుంది. ఇంటికోసమే అయినా వస్తువును తయారు చేస్తే అది ఉత్పత్తి, సేవ చేస్తే కాదు. కనుక జాడీ నిండా ఊరగాయ పెట్టడం ఉత్పత్తి కావచ్చు. దాన్ని అన్నంలో కలిపి బిడ్డ నోట్లో పెట్టడం కాదు.

ప్రాణం పోయాక కట్టే ధర

ఇల్లాలి పనికి మన దేశంలో అధికారికంగా ఖరీదు కట్టే చోటు ఒకటుంది. ప్రమాదంలో ఆమె చనిపోయాక నష్టపరిహారం కోసం ఎక్కే కోర్టు మెట్లు. అక్కడ మొదటి ప్రశ్న, ఆమె సంపాదన ఎంత?

ఈ ప్రశ్నను తిప్పి చూసినవాళ్ళలో తెలుగు నేల మీది కోర్టు ముందుంది. 1988లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ ఎం. జగన్నాధరావు ఒక తీర్పు రాస్తూ, భార్యో తల్లో పోయిన కేసుల్లో ఆమె "సేవలు" అన్నదాన్ని విశాలంగా చూడాలన్నారు. వంటకూ ఉతుకుడుకూ పనిమనిషి జీతం కట్టి చేతులు దులుపుకుంటే సరిపోదని. ఇరవై ఏళ్ళు దాటాక సుప్రీంకోర్టు ఈ తీర్పును ప్రత్యేకంగా తలుచుకుంది.

ఈ మధ్యలో 1994లో మోటారు వాహనాల చట్టానికి ఒక పట్టిక చేర్చారు. సంపాదన లేని భార్య పోతే ఆమె ఆదాయాన్ని భర్త ఆదాయంలో మూడో వంతుగా లెక్కించమన్నారు. దీని అర్థం మన ఊరికి తెచ్చి చూడండి. కొబ్బరి దింపు తీసే అతని భార్యా, కలెక్టరు గారి భార్యా ఒకే రోజు వండుతారు. దింపు కార్మికుడి భార్య నీళ్ళు కూడా మోస్తుంది. కానీ ఆ లెక్కలో ఖరీదు కలెక్టరు భార్యకే ఎక్కువగా ఉండేది. ఆమె పనికి కొలబద్ద ఆయన జీతం!

1989 మార్చి 3న జంషెడ్‌పూర్‌లో టాటా స్టీల్ సంస్థాపకుడి జయంతి వేడుక పందిరికి నిప్పంటుకుని పదుల సంఖ్యలో చనిపోయారు, వాళ్ళలో ఆడవాళ్ళూ పిల్లలూ ఎక్కువ. ఆ పరిహారం కేసులో గృహిణులకు కట్టిన విలువ మరీ తక్కువగా ఉందని 2001లో సుప్రీంకోర్టు 34 నుంచి 59 ఏళ్ళ వాళ్ళకు నెలకు 3,000 రూపాయలకు పెంచింది. తర్వాత చాలా ఏళ్ళు కింది కోర్టులకు ఆ మూడు వేలే దారి చూపింది. 2010లో ఇంకో కేసులో అదే కోర్టు 2001 జనాభా లెక్కల్ని గట్టిగా తప్పుబట్టింది. ఇళ్ళలో వండి వార్చే కోట్ల మంది ఆడవాళ్ళను పనిచేయనివారిగా రాసి, బిచ్చగాళ్ళు, ఖైదీలతో ఒకే గడిలో పడేశారని.

ఇక 2021 జనవరి 5. ఢిల్లీలో ద్విచక్ర వాహనం మీద వెళుతూ 2014లో ప్రాణాలు పోగొట్టుకున్న దంపతుల కేసు. హైకోర్టు 22 లక్షలకు తగ్గించిన పరిహారాన్ని సుప్రీంకోర్టు 33.20 లక్షలు చేసింది. ఆ బెంచిలో ముగ్గురు. కృష్ణా జిల్లా పొన్నవరంలో పుట్టిన జస్టిస్ ఎన్.వి. రమణ, తర్వాత మన రాష్ట్రానికి గవర్నరుగా వచ్చిన జస్టిస్ ఎస్. అబ్దుల్ నజీర్, జస్టిస్ సూర్యకాంత్. రమణ గారు విడిగా ఒక అభిప్రాయం రాశారు. ఇంటి పనే తమ ముఖ్యమైన పని అని 2011 జనాభా లెక్కల్లో చెప్పిన ఆడవాళ్ళు దాదాపు 16 కోట్లని, మగవాళ్ళు 58 లక్షల లోపేనని లెక్క చూపారు. పైన మనం చెప్పుకున్న 299 నిమిషాలూ, 97 నిమిషాలూ ఆ తీర్పులో కూడా ఉన్నాయి. గృహిణి ఇంటి ఆర్థికానికి ఏమీ చేర్చదన్న ఆలోచన వదిలించుకోవాల్సిందేనన్నది దాని సారం. 2024 ఫిబ్రవరిలో జస్టిస్ సూర్యకాంత్, జస్టిస్ కె.వి. విశ్వనాథన్ ఒక మెట్టు దిగి నేల మీది మాట చెప్పారు. గృహిణి ఆదాయం రోజుకూలీకి వచ్చేదాని కంటే తక్కువని ఎలా అంటారని.

తీర్పులు మంచివే. కానీ ఒకటి గమనించారా? వీటిలో గెలిచిన గృహిణుల్లో ఒక్కరూ ఆ తీర్పు వినడానికి లేరు.

బతికుండగా వచ్చిన తీర్పు

అందుకే తమిళనాడు కేసు ఒకటి నాకు వీటన్నిటి కంటే పెద్దదిగా కనబడుతుంది. భర్త 1983 నుంచి 1994 దాకా సౌదీలో పనిచేశాడు. భార్య ఇక్కడ ఇల్లు నడిపి, పిల్లల్ని పెంచి, అతను పంపిన డబ్బుతో స్థలాలూ నగలూ కొంది. తిరిగొచ్చాక ఆస్తంతా తనదేనన్నాడు. వ్యాజ్యం సాగి సాగి మద్రాసు హైకోర్టుకు చేరింది. 2023 జూన్‌లో జస్టిస్ కృష్ణన్ రామసామి తేల్చి చెప్పారు. ఆమె ఇంట్లో చేసిన చాకిరీ వల్లే అతను అక్కడ నిశ్చింతగా సంపాదించగలిగాడు, కాబట్టి ఆ సంపాదనతో కొన్నదాంట్లో ఆమెకు సగం. భార్య ఇంటి పనిని గుర్తించే చట్టం ఇంతవరకూ లేదు, గుర్తించవద్దని అడ్డుపడే చట్టమూ లేదని ఆయన దారి చూపించారు.

కోనసీమలో గల్ఫ్ డబ్బుతో లేచిన మేడల్లో ఎన్నింటి దస్తావేజుల్లో ఆడవాళ్ళ పేరుందో రిజిస్ట్రార్ ఆఫీసు పుస్తకాలు చెబుతాయి. మార్చి 8న శాలువా కప్పి, మొమెంటో చేతికిచ్చి, "ఇంటికి దీపం" అని మైకులో చెప్పడం గౌరవమే కాదనను. దస్తావేజులో రెండో పేరు దానికంటే మన్నిక.

నెలకు వెయ్యి

తమిళనాడు ప్రభుత్వం 2023 సెప్టెంబరు 15న అర్హులైన ఇల్లాళ్ళకు నెలకు 1,000 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టింది. పథకం పేరులోనే అది హక్కు అని రాసుకుంది, ఆడవాళ్ళు జీవితాంతం చేసే చాకిరీకి గుర్తింపు అని చెప్పింది. కర్ణాటక అదే ఏడాది ఆగస్టులో 2,000 మొదలుపెట్టింది. జీతమిస్తే ఆ పని ఆడవాళ్ళ నెత్తినే శాశ్వతంగా స్థిరపడిపోతుందని ఒక వాదన ఉంది, కొట్టిపారేయలేం. అయితే ఆ వాదన చేసేవాళ్ళలో ఎక్కువమంది నెలాఖరున ఖాతాలో ఏదో ఒకటి పడేవాళ్ళే.

ఒక్క శుక్రవారం

ఈ పని ఒక్కరోజు ఆగితే ఏమవుతుంది? 1975 అక్టోబరు 24న ఐస్‌లాండ్‌లో నూటికి తొంభై మంది ఆడవాళ్ళు ఇంటి పనీ బయటి పనీ రెండూ మానేసి వీధుల్లోకి వచ్చారు. తండ్రులు పిల్లల్ని ఆఫీసులకు తీసుకెళ్ళారు. తేలిగ్గా ఉడికే సాసేజీలు దుకాణాల్లో అయిపోయాయి. మరుసటి ఏడాది సమానత్వ చట్టం వచ్చింది. 1980లో విగ్‌డిస్ ఫిన్‌బోగదోత్తిర్ అనే ఆమె ఆ దేశానికి అధ్యక్షురాలైంది.

పేరు మర్చిపోయినామె

పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథ మీరు చదివే ఉంటారు. ఇల్లు అలకడంలో, ముగ్గు పెట్టడంలో పూర్తిగా మునిగిపోయిన ఇల్లాలు ఒక రోజు తన పేరేమిటో గుర్తు రాక వెతుక్కుంటూ బయల్దేరుతుంది. 1990లో వచ్చిన ఆ కథ చాలా భాషల్లోకి వెళ్ళింది. మీ వీధిలో "ఫలానావాళ్ళ అమ్మ", "మేస్త్రీగారి ఆవిడ" అని తప్ప పేరు తెలియనివాళ్ళు ఎంతమందో ఒకసారి వేళ్ళు ముడిచి చూసుకోండి. కథకు ఏమీ వయసు రాలేదని తెలుస్తుంది.

గేదె పాలు పని, కాఫీ కాదు

చివరగా పనికొచ్చే సంగతి ఒకటి. 2011 జనాభా లెక్కల ఫారంలో పనిచేయనివారికి గడులు ఇలా ఉన్నాయి. విద్యార్థికి 1, ఇంటి పనికి 2, ఒకరి మీద ఆధారపడ్డవారికి 3, పెన్షనరుకు 4, అద్దెల మీదా వడ్డీల మీదా బతికేవారికి 5, యాచకులకు 6. ఇల్లాలి గడి విద్యార్థి తర్వాత, యాచకుడికి కాస్త పైన.

కానీ అదే లెక్కల నిబంధనల్లో ఇంకో వాక్యం ఉంది, చాలామందికి తెలియదు. పూర్తిగా ఇంట్లో వాడుకోవడానికే అయినా సరే, సాగు చేసేవారు, పాల కోసం పశువును పెంచేవారు "పనిచేసేవారి" కిందికే వస్తారు. జీతం లేకుండా సొంత పొలంలోనో, ఇంటి వ్యాపారంలోనో చేసే సాయం కూడా పనే. అంటే తెల్లవారుజామున గేదెకు గడ్డి వేసి, పేడ ఎత్తి, పాలు పితికినంతసేపూ ఆమె కార్మికురాలు. ఆ పాలు కాచి అత్తగారికి కాఫీ కలిపేసరికి కాదు.

తర్వాతి జనాభా లెక్కల్లో మనుషుల్ని లెక్కించే దశ 2027 ఫిబ్రవరిలో. నిర్వచనం మారకపోతే, ఎన్యూమరేటరు మీ గుమ్మంలోకి వచ్చి "ఏం చేస్తారమ్మా?" అన్నప్పుడు "ఏముందండి, ఇంట్లోనే" అని లోపలికి వెళ్ళిపోకండి. గేదె ఉంటే గేదె సంగతి చెప్పండి. లేసు అల్లితే లేసు, ఈనెల చీపుళ్ళు కడితే చీపుళ్ళు, జీడిపప్పు పొట్టు తీస్తే అది, కొట్లో కూర్చుంటే అది. ఏడాదిలో ఎన్ని నెలలు చేశారో కూడా చెప్పాలి. ఆరు నెలలకు తగ్గకపోతే మెయిన్ వర్కరుగా, తగ్గితే మార్జినల్ వర్కరుగా రాస్తారు. సమాధానం మాత్రం అరుగు మీద పేపరు చదువుతున్న ఆయన్ని చెప్పనివ్వకండి, మీరే చెప్పండి.